చార్జర్ మీద ఆరబెట్టిన బీడీలు

2005 జూన్ పన్నెండు, మధ్యాహ్నం మూడున్నరకు మా జీపు క్యాంపులో ఆగింది.

భద్రాచలం నుంచి పర్ణశాల వైపు కొంత దూరం తారు రోడ్డు. అది వదిలాక పదకొండు కిలోమీటర్ల మట్టి దారి. మధ్యలో రెండు వాగులు. రెండో దాని మీద వంతెన లేదు. నీళ్లు మోకాలి దాకా ఉంటే జీపు దాటుతుంది. నడుము దాకా వస్తే మనం ఈ లోకంలో లేనట్టే.

చుట్టూ రెండు వరుసల ముళ్లతీగ. ఆ వెనక టేకు, ఇప్ప, తునికి. క్యాంపులో పద్దెనిమిది మంది మగవాళ్లు, ఇద్దరం ఆడవాళ్లం. రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చే బండ్లను క్యాంపు ముందున్న చెక్‌పోస్టులో ఆపుతారు. వాటిలో వచ్చే ఆడవాళ్లను తనిఖీ చేయడానికి ఆడసిబ్బంది కావాలి. మా ఇద్దరికీ వైర్‌లెస్ కూడా వచ్చు. అందుకే మమ్మల్ని పంపారు. నాది తల్లాడ దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక పోలీసు బలగంలో చేరాను. రెండో ఆపరేటర్‌ది కొత్తగూడెం, బొగ్గుబావి కార్మికుడి కూతురు. నాకంటే రెండేళ్లు చిన్న. అప్పటికే పెళ్లయింది. నన్ను అక్కా అనేది.

మా నివాసం, మా డ్యూటీ ఒకే చోట, వైర్‌లెస్ బంకర్‌లో. పొడవు పది అడుగులు, వెడల్పు ఎనిమిది. గోడలు ఇసుక బస్తాలు. పైన రేకులు, రేకుల మీద మళ్లీ బస్తాలు, వాటి మీద టార్పాలిన్. తలుపు స్థానంలో రెండు కంబళ్లు. గాలికి జానెడు సందు. వాన వస్తే ఆ సందు కూడా మూసేవాళ్లం. లోపల ఒక టేబుల్, సెట్, రెండు బ్యాటరీలు, చార్జర్, రెండు మడత మంచాలు.

మొదటి సాయంత్రమే సెక్షన్ కమాండర్ అందరినీ నిలబెట్టి ఆర్డర్ చెప్పాడు. నలభై దాటిన మనిషి, వరంగల్ వైపు వాడు. గొంతు పెంచకుండా మాట్లాడేవాడు.

"ఆరున్నర దాటినంక బయట వెలుగు కనవడొద్దు. టార్చి గాదు, అగ్గిపుల్ల గాదు, బీడీ కొస గూడ గాదు. డ్యూటీ లేనోడు బయట తిరుగొద్దు."

మా డ్రైవర్ సత్తుపల్లి మనిషి. చెయ్యెత్తాడు. "మరి బీడీ మింగేసి కడుపులో వెలిగించుకోవాలా సార్?"

"నువ్వు గంత పని జేసేటోడివే," అన్నాడు కమాండర్. అందరూ నవ్వారు. నేను నవ్వేసరికి వాళ్లు ఆపేశారు. మేడం ఉంది కదా.

మొదటి పది రోజులూ అంతే. నేను వస్తే మాటలు ఆగేవి. మెస్‌లో నా పళ్లెం బల్ల చివర పెట్టేవారు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. బీడీలు నెమ్మెక్కాయి. తునికాకు ఆ అడవిదే. ఎండాకాలం కోసి కట్టలు కడతారు. ఎక్కడెక్కడికో పోయి బీడీలై మళ్లీ అక్కడికే వస్తుంది. జూన్‌లో ఆ అడవే దాన్ని తడిపేస్తుంది. అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసినా అంటుకోదు. మగవాళ్లు ఒకరి మీద ఒకరు కసురుకోవడం మొదలుపెట్టారు.

క్యాంపులో పొడిగా ఉండే చోటు ఒక్కటే. నా చార్జర్. సాయంత్రం జనరేటర్ ఆడినంతసేపూ దాని మూత వెచ్చగా ఉండేది. ఒకరోజు కుక్ దగ్గర నాలుగు కట్టలు అడిగి తీసుకున్నాను. అట్ట ముక్క మీద పరిచి చార్జర్ మీద పెట్టాను. గంటకల్లా గలగలలాడాయి.

ఆ ఉపాయం నాది. ఎవరూ అడగలేదు. నేనే చేశాను.

మర్నాటి నుంచి అందరి బీడీలూ నా దగ్గరికే వచ్చాయి. బీడీల వెనక మనుషులు వచ్చారు. బయట వెలిగించకూడదు. గుడారాల్లో వెలిగిస్తే బట్టలోంచి వెలుగు కనిపిస్తుంది. ఇక మిగిలింది కంబళ్లు కట్టిన నా బంకర్. ఆరున్నరకు ముందే, గుడారాల నుంచి బంకర్ దాకా తవ్విన కందకం గుండా ఆరేడుగురు వచ్చేవారు. ఎనిమిదికి భోజనం పిలుపు దాకా కూర్చునేవారు. పై రేకు కనిపించేది కాదు. వాళ్లు వెళ్లాక కూడా పొగ బస్తాల మధ్య నిలబడే ఉండేది.

నేను మేడం నుంచి చెల్లెనయ్యాను. పొద్దున వేడినీళ్లు ముందు నాకే వచ్చేవి. కుక్ నాకు గుడ్డు దాచిపెట్టేవాడు. డ్రైవర్ భద్రాచలం పోయి వస్తే నా కోసం పల్లీపట్టీలు తెచ్చేవాడు. నాకు అది బాగుండేది. చాలా బాగుండేది. దాచను.

జూలై చివర్లో నేనూ ఒకటి వెలిగించాను. నాది తెల్లవారుజామున నాలుగు గంటల డ్యూటీ. నిద్ర ఆపుకోవడానికి అనుకున్నాను. నాలుగు అడుగుల దూరంలో రెండో ఆపరేటర్ నిద్రపోతోంది. గంట గంటకూ సెట్ పలికేది. పాయింట్ ఫోర్ అంటే మా క్యాంపు.

"పాయింట్ ఫోర్, కంట్రోల్. రిపోర్ట్. ఓవర్."

"కంట్రోల్, పాయింట్ ఫోర్. ఆల్ ఓకే. ఓవర్."

ఆగస్టు రెండో వారం. మధ్యాహ్నం పన్నెండు దాటింది. చెక్‌పోస్టులో ఒక బస్సు పోయింది, ఇంకోటి రాలేదు. రెండో ఆపరేటర్ నా పక్కకు జరిగింది.

"అక్కా, ఓ మాట జెప్త. ఎవ్వలికీ జెప్పొద్దు."

"ఏంది?"

"రెండు నెలలైంది."

"దేనికి?"

"ఏందక్కా, డిగ్రీ సదివినవ్, గిది గూడ సమజ్ గాదా?"

అప్పుడు అర్థమైంది. నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మొన్న సామాన్ల జీపుల పోయినప్పుడు భద్రాచలం దవాఖానాల సూపెట్టుకున్న. నర్సమ్మ నా చొక్కా వాసన జూసి, బీడీ తాగుతవా అన్నది. నేను ముట్టనన్న. మరి నీ పక్కనోళ్లు తాగుతరా అన్నది. ఆళ్లు ఇడిసిన పొగ నీ లోపటికి పోతది, నీ నుంచి కడుపుల బిడ్డకు పోతది అన్నది. బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, దినాలు నిండకముందే పుట్టొచ్చు, బయటికి పోయి తాగుమను అన్నది."

బూటుతో మట్టిని గీసింది.

"మా నాయిన ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దుమ్ము మింగిండు. పండుకుంటే రొమ్ములకెంచి ఈల ఏసినట్టు సప్పుడొస్తది. నా బిడ్డ పుట్టకముందే మింగాల్నా అక్కా?"

"కమాండర్‌తోని చెప్పరాదు?"

"ఎందుకని అడుగుతడు. కడుపుతోని ఉన్ననంటే రేపే కిందికి పంపుతడు. సగంల పోతే చేసింది లెక్కల రాదు. ఆరు నెలలు నిండితెనే కొత్తగూడెం పోస్టింగ్. లేకుంటే పసిపిల్లనిడ్సి మళ్ల మొదటికెంచి రావాలె. నువ్వు సీనియర్‌వి. నీకే దగ్గొస్తున్నదని జెప్పు. నీ మాట ఇంటడు."

"చెప్త," అన్నాను.

వెళ్లాను కూడా. అదే రోజు ఐదూ నలభైకి. కమాండర్ గుడారంలో రిపోర్టు రాసుకుంటున్నాడు. చెవి మీద నేను ఆరబెట్టిన బీడీ ఉంది.

"ఏంది చెల్లె?"

రేపటి నుంచి ఆ బంకర్‌కు ఎవరూ రారు. మళ్లీ నా పళ్లెం బల్ల చివరికి పోతుంది. తెల్లవారుజామున నేను కాల్చేది కూడా పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి.

"బ్యాటరీలల్ల పోసే నీళ్లు అయిపోయినయ్ సార్. ఈసారి సామాన్లల్ల రాయుండ్రి."

"రాస్త. ఇంకేమన్న?"

"ఏం లేదు సార్."

తిరిగి వచ్చాను. ఆమె మంచం మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"జెప్పినవా?"

"చెప్పిన. వినలే. గీ వానల ఎక్కడికి పోయి తాగుతరు అన్నడు."

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. ఆమె ఆసుపత్రికి పోయిన రోజే భద్రాచలంలో తెల్లటి మెత్తని పంచె కొని తెచ్చుకుంది. పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలని పన్నెండు ముక్కలు చేసి సంచిలో దాచుకుంది. అందులో అన్నిటికంటే పెద్ద ముక్క తీసింది. నీళ్లలో తడిపి, మంచానికీ టేబుల్‌కూ మధ్య తాడు కట్టి దాని మీద వేసింది.

సాయంత్రం డ్రైవర్ చూశాడు. "ఏంటమ్మా, సినిమా తెర కట్టావా? ఏం ఆట?"

"మీ మొఖాలు కనవడకుంట," అంది ఆమె తెర వెనక నుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కమాండర్ కూడా ఉన్నాడు. నేను చెప్పానని ఆమె నమ్మిన మనిషి, మూడు అడుగుల దూరంలో, ఏమీ తెలియక బీడీ వెలిగించుకున్నాడు.

నాలుగు రోజులు నేను కాల్చలేదు. ఐదో రోజు మళ్లీ కాల్చాను, కంబళి దగ్గర నిలబడి, పొగ బయటికి ఊదుతూ. సగం బయటికి పోయేది. సగం లోపలికే వచ్చేది.

సెప్టెంబర్‌లో గోదావరి పెరిగింది. రెండు వాగులూ ఎదురు తన్నాయి. తొమ్మిది రోజులు దారి లేదు. వాన తెరిపి ఇవ్వలేదు. పగలు కూడా మనుషులు బంకర్‌లోనే. ఆమె కుక్ దగ్గరికి పోయి కూర్చుంటే అక్కడ తడి కట్టెల పొగ. ఇక్కడికి వస్తే ఇది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె దగ్గు మొదలైంది. పొడి దగ్గు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని దగ్గేది. గుడ్డను రోజుకు రెండుసార్లు తడిపేది. ఆ గుడ్డ రంగు ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. రోజూ చూసేదాన్ని కదా.

"కంట్రోల్, పాయింట్ ఫోర్. ఆల్ ఓకే. ఓవర్."

ప్రతి గంటకూ చెప్పాను.

డిసెంబర్ పదకొండున మా స్థానంలోకి కొత్తవాళ్లు వచ్చారు. సెట్, బ్యాటరీలు, లాగ్‌బుక్ అప్పగించాను. ఆమె తాడు విప్పి, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. వానల్లో వానకోటు, చలిలో పెద్ద జర్సీ, దాని మీద కోటు. అన్నాళ్లూ అలాగే నెట్టుకొచ్చింది. ఆ మధ్యాహ్నం ఎండగా ఉంది. జీపు ఎక్కే ముందు కోటు, జర్సీ విప్పింది. పోస్టింగ్ ఆర్డర్ చేతికి వచ్చింది, ఇక దాచాల్సిన పని లేదు.

కమాండర్ జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. చూశాడు. నోట్లోని బీడీ తీసి బూటు కింద నలిపాడు.

"ఎన్నో నెల బిడ్డా?"

"ఆరు నిండినయ్ సార్."

ఆయన బంకర్ వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు.

"అన్ని దినాలు గా పొగలనే పండుకున్నవా? అరే... ఎవరన్న ఒక్క మాట జెప్తే అయిపోవు గదా. పగటిపూట వానల తడుసుకుంటనన్న తాగేటోళ్లం, లేకుంటే మానేటోళ్లం. మేం మనుషులం గాదా?"

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు. పేరు రాసిన కాగితం చదివినట్టు చూసింది. తర్వాత జీపెక్కింది.

డ్రైవర్ భద్రాచలం దాకా ఒక్క బీడీ కూడా ముట్టలేదు. బస్టాండులో ఆమె కొత్తగూడెం బస్సు ఎక్కింది. నేను ఖమ్మం బస్సు ఎక్కాను. "పోయొస్త అక్కా," అంది. అంతే.

తర్వాత నాకూ పెళ్లయింది. ఉద్యోగం మానేశాను. ఇప్పుడు నాకు ఎనిమిది నెలల కూతురు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు వాళ్ల చొక్కా వాసన చూస్తాను. బయట కాల్చి వచ్చిన వాళ్లకు పిల్లను ఇవ్వను. పొగ మనిషి జుట్టులో, బట్టలో ఇంట్లోకి వస్తుందని చెబితే మా చిన్నమామగారు, "మిలిటరీ చెకింగా అమ్మాయీ?" అని ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి. మా పిల్లకు కాస్త జలుబు చేస్తే ఛాతీకి చెవి ఆనించి వింటాను. ఒకసారి డాక్టర్‌ను ఆ బంకర్ సంగతంతా అడిగాను, ఎవరికో జరిగినట్టు. పొగ వల్ల అలా జరగొచ్చు, కానీ ఒక బిడ్డ విషయంలో ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు అన్నారు. ఆ జవాబు నాకు ఎందుకూ ఉపయోగపడలేదు.

ఆమెకు, క్యాంపు దిగిన మరుసటి నెల, జనవరి ఆఖర్లో, ఎనిమిదో నెల పడగానే ఆడపిల్ల పుట్టింది. ఫిబ్రవరిలో కొత్తగూడెం వెళ్లాను. రెండు గదుల క్వార్టర్. లోపలి గదిలో వాళ్ల నాన్న దగ్గు, ఈల లాంటి ఊపిరి. పిల్ల నా మోచేయి నుంచి మణికట్టు దాకా ఉంది. ఊపిరి తీసుకుంటే సన్నగా పిల్లికూతలు. రెండు గదుల్లోనూ ఒకటే చప్పుడు.

చెప్పడానికే వెళ్లాను. చెప్పాను.

"నేను ఆ రోజు కమాండర్‌కి చెప్పలేదు."

ఆమె పిల్ల తల సర్దింది.

"తెలుసక్కా. జీపు కాడ ఆయన మొఖం జూసిననే."

ఇంకేమైనా అంటుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. పిల్లకు నిద్ర పట్టేదాకా ఊపింది. తర్వాత కిటికీ వైపు చూసి, "పొద్దు గూకుతున్నది. దండెం మీది బట్టలు తీస్కరా అక్కా, మంచు వడ్తది," అంది.

పెరట్లోకి వెళ్లాను. దండెం మీద పన్నెండు పొత్తిగుడ్డలు వరుసగా ఉన్నాయి. ఇంట్లో వాళ్లమ్మకు ఏమీ తెలియదు. సంచిలో కనిపించిన ఆ తెర గుడ్డను కూడా సోడా వేసి ఉడకబెట్టి, అన్నిటితో పాటే ఆరేసింది. పదకొండు తెల్లవి. చివరిది, అన్నిటికంటే పెద్దది, లేత పసుపు. మధ్యలో అడ్డంగా, తాడు ఆనిన మేర, ఒక్క సన్నటి తెల్లటి గీత.