గిర్నీ కాలువ ఎండిన రోజు

ఇబ్రహీంపట్నంలోని మా బియ్యం గిర్నీలో ఈ రోజు నుంచి ఇంజన్ వాడిన నీళ్లనే మళ్లీ వాడుకుంటోంది. ఇన్నాళ్లూ దాన్ని చల్లబరచిన బావినీళ్లు వేడెక్కి బయటి కాలువలోకి పోయేవి. ఎండాకాలంలో బావి అడుగంటి, వాడకట్టు ఆడవాళ్లకు కడవ కూడా నిండేది కాదు. ఈ ఏర్పాటు ఎప్పుడో చెయ్యాలనుకున్నా, యుద్ధం వల్ల ఇనుప గొట్టాలు దొరకక ఆలస్యమైంది. ఇప్పుడు వేడినీళ్లు పెద్ద తొట్టిలో చల్లారి తిరిగి ఇంజన్‌లోకే వస్తున్నాయి.

మురిసిపోతూ చూస్తుంటే, గిర్నీ వెనకింటి మల్లవ్వ వచ్చింది.

"కాలువ ఎండిందేంది పటేలా?"

"నీళ్లు ఆదా చేస్తున్నం అవ్వా. ఇగ బావి ఎండదు."

"మంచిదే. మరి నా తోటకూర మడి? గా నీళ్లతోనే బతుకుతుండె."

నేను వృథా అనుకున్న నీళ్లు ఆమెకు కూర పండించాయి. సాయంత్రం రెండు కడవలు మోసుకెళ్లాను. మల్లవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"బావినీళ్లా? తాగే నీళ్లు మడికెందుకు పోస్తవ్? తొట్టి కడిగిననాడు పిలువు, గా పారబోసే నీళ్లు తెచ్చుకుంట."

కడవలు వెనక్కి తెచ్చాను. తొట్టి కడిగేదాకా ఆ మడి ఆగుతుందా? మీకేమైనా ఉపాయం తోస్తే చెప్పండి.