ఒంట్లో సెగ, ఊళ్లో శిగం

బెజవాడ దవాఖానలో గర్భసంచి తీసేనాటికి నాకు ముప్పయ్యారేళ్లు. రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు అది. నెలల తరబడి రక్తం ఆగక పాలిపోయిన నన్ను మా ఆయన సూర్యాపేటలో బస్సెక్కించి, కోదాడ మీదుగా తీసుకుపోయాడు. "కొన్నాళ్లు ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయమ్మా, కంగారు పడకు" అని అక్కడి డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటికొచ్చాక అత్త ఒక్క మాటతో తేల్చేసింది. "కడుపుల గడ్డ తీసిండ్రని చెప్పు. సంచి ముచ్చట ఎవ్వల ముంగట ఎత్తకు."

మాది గొర్రెల ఇల్లు. ఉన్ని వడకడం నా పని. ఒడిలో ఉన్ని పెట్టుకుని కూర్చున్నానో లేదో, ఛాతీ దగ్గర మొదలైన సెగ చెవుల దాకా పాకేది. చెమటకు ఉన్ని చేతులకు అంటుకునేది. ఆ వెంటనే వణుకు. నేనేం తక్కువదాన్నా! వడకడం పొద్దు పొడవకముందే ముగించేదాన్ని. పొయ్యి పని తోడికోడలికి అప్పజెప్పి, దొడ్డి ఊడ్చే పని నేను తీసుకున్నాను. మెడ మీద ఎప్పుడూ తడిగుడ్డ ఉండాల్సిందే. మిర్యాలగూడ నుంచి మా అమ్మ వచ్చి, నా వాలకం చూసి ఏడుపు అందుకుంది.

"నువ్వు ఏడిస్తే నాకు సల్లబడ్తదా అమ్మా? జర మజ్జిగ కలుపు" అన్నాను.

ఎల్లమ్మ బోనాల రోజు డప్పుల మధ్యలో నాకు ఆవిరి కమ్మింది. ముఖం ఎర్రబడి, జుట్టు తడిసి, ఒళ్లంతా వణికింది. అంతే, ఎల్లమ్మ పూనింది, శిగం వచ్చిందని నెత్తిన పసుపునీళ్లు కుమ్మరించారు. నిజం చెప్పొద్దూ, ఆ నీళ్లు హాయిగా ఉన్నాయి. కాదంటే మరి ఆ వణుకేమిటని అడుగుతారు, సంచి సంగతి బయటపడుతుంది. ఊరుకున్నాను. మర్నాటి నుంచి, తప్పిపోయిన గొర్రె ఎటు పోయిందో చెప్పమని జనం. అత్త కూడా "ఏమే" అనడం మానేసి "అమ్మా" అంది. నాకు నవ్వొచ్చేది. కాస్త గర్వంగానూ ఉండేది.

ఒకరోజు పెన్‌పహాడ్ నుంచి ఒకామె వచ్చింది. నా ఈడుదే, ముఖంలో నెత్తురు చుక్క లేదు. వచ్చీ రాగానే నా కాళ్ల మీద పడింది.

"అమ్మా, నాలుగు నెలల సంది నెత్తురు బందైతలేదు. సంచి తీయాలంటున్రు. తీస్తే ఇగ ఆడిదాన్నే కానని మా అత్త అంటుంది. నువ్వు వద్దంటే పోను, సచ్చిపోతే పోత."

అక్కడున్న ఆడవాళ్లంతా నా నోటివైపు చూశారు. అమ్మవారిలా "దవాఖానకు పో" అంటే సరిపోయేది. కానీ ఆమె భయం కత్తి గురించి కాదు, ఆ తర్వాత తానేమవుతానోనని. ఆ సంగతి ఎల్లమ్మకేం తెలుసు? నాకు తెలుసు. అత్త కళ్లముందే చీర పక్కకు జరిపి, కుట్ల మచ్చ చూపించాను.

"నా మీదికి ఏ అమ్మ రాలే. నాక్కూడ సంచి తీసిండ్రు. గీ సెగ దానిదే. సూడు, బతికే ఉన్న, నా పని నేను చేస్కుంటున్న. నేను ఆడిదాన్ని కాకుంటే మరెవలు?"

అత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు. గొర్రెల కోసం అడిగేవాళ్లూ రావడం మానేశారు. మూడు నెలలకు ఆ పెన్‌పహాడ్ ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కాళ్ల మీద పడలేదు. అరుగు మీద నా పక్కనే కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"అక్కా, ఒళ్లంత మండుతుంది. నీక్కూడ గిట్లనే మండుతదా?" అంది.

అంతవరకూ నన్నా మాట అడిగినవాళ్లు లేరు. "మండుతదే" అన్నాను. ఎంత బిగబట్టినా ఏడుపు ఆగలేదు.