కడిగిన రేడియేటర్‌లో పసుపు

అది 2022 ఎండాకాలం. జహీరాబాద్‌లో బీదర్ వెళ్ళే రోడ్డు పక్కన మా షెడ్డు. కార్ల ఇంజన్లు దించడం, ఎక్కించడం నా పని. ఇంజన్ పట్టేసిందంటూ వచ్చే బండ్లలో చాలావాటికి అసలు రోగం ఇంజన్‌లో ఉండదు, దాని ముందున్న రేడియేటర్‌లో ఉంటుంది. ఇంజన్ వేడిని మోసుకొచ్చిన నీళ్ళు సన్నటి గొట్టాల్లోంచి పారుతూ, గాలికి చల్లబడి మళ్ళీ ఇంజన్‌లోకి వెళ్ళేది అక్కడే. ఇంజన్ మార్చేటప్పుడు దాన్ని కూడా దించి చూస్తానంటే, లేని పని కల్పిస్తున్నానన్నట్టు చూస్తారు జనం. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండుతుంది.

ఝరాసంగం వైపు ఒక ఊరి రైతు సంగన్న తన పాత డీజిల్ కారును ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చాడు. అతని భార్య మాణెమ్మకు కిడ్నీలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు సంగారెడ్డి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. బస్సులో అంత దూరం వెళ్ళే ఓపిక ఆమెకు లేదు. కారు మూలపడినప్పటి నుంచి ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి బండి అడుగుతున్నాడు. ఒక్కసారి ఎవరూ దొరక్కపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

"ఉస్తాద్, ఇంజన్ ఒక్కటి మార్చు. రేడియేటర్ జోలికి పోకు. సుక్క గూడ కార్తలేదు," అన్నాడు.

"కారకపోతే మంచిగున్నట్టేనా? మరి ఇంజన్ ఊకెనే పట్టేసిందా?" అన్నాను.

అతని మాట వినకుండా రేడియేటర్ దించాను. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. నీళ్ళు వంపేసినా అంత బరువేమిటి? పైన ట్యాంకు విప్పి చూశాను. గొట్టాల నోళ్ళన్నీ గట్టిపడిన ముద్దతో పూడుకుపోయాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే వంటింటి వాసన వచ్చింది. పసుపు!

రేడియేటర్ కారుతుంటే చిటికెడు పసుపు వేసి చిల్లు మూయడం పాత డ్రైవర్ల ఉపాయం. ఇల్లు చేరేదాకా నడుస్తుంది. కానీ ఇది చిటికెడు కాదు, ఒక పెళ్ళికి సరిపోయే పసుపు. ఇన్నేళ్ళలో తుప్పు చూశాను, సున్నం చూశాను, ఇలాంటిది చూడలేదు.

"ఒక్కపారే ఏసిన ఉస్తాద్. న్యాల్‌కల్ తొవ్వల నీళ్ళు కారుతుంటే ఏసిన. ఒట్టు!" అన్నాడు సంగన్న.

"ఒక్కపారికి గింత పేరుకుంటదా? నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా?"

అతని మొహం చిన్నబోయింది. నేను నమ్మలేదు.

కొత్త రేడియేటర్ తెప్పించి, దాన్ని కూడా లోపలంతా కడిగి బిగించాను. రబ్బరు పైపులు, రిజర్వ్ ట్యాంకు కడిగాను. ఎంత వేడికి నీళ్ళను వదలాలో చూసుకునే చిన్న మూత థర్మోస్టాట్, దాన్నీ మార్చాను. హైదరాబాద్ నుంచి తెచ్చిన ఇంజన్ ఎక్కించి, నీళ్ళకు బదులు పోసే ఆకుపచ్చ కూలెంట్ నింపి నడిపి చూశాను. వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

శుక్రవారం పొద్దున్నే సంగన్న, మాణెమ్మ ఇద్దరూ వచ్చారు. అటునుంచి అటే సంగారెడ్డి వెళ్ళాలి. సంగన్న కొబ్బరికాయ కొట్టాడు. బానెట్ ఎత్తి ఉంచి, నేను లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చాను. బండి అప్పగించే ముందు కూలెంట్ ఒకసారి చూడడం నాకు అలవాటు. మూత తీశాను. నేను కడిగిన రేడియేటర్‌లో, ఆకుపచ్చ కూలెంట్ మీద, పిడికెడు పసుపు తేలుతోంది.

"ఎవలు పోసిన్రు? ఎవలు పోసిన్రు ఇది?" అని అరిచాను. సంగన్న వంగి చూసి తెల్లబోయాడు.

"నేనే పోసిన తమ్మీ. ఇయ్యాల శుక్కురారం గదా," అంది మాణెమ్మ. ఆమె వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఆమే చెప్పుకొచ్చింది. "ఆ దినం మొక్కు తీర్చనీకి పోతుంటే తొవ్వల బండి ఏడ్చినట్టు నీళ్ళు కార్చింది. మా సంచిల పస్పు తీసి ఈయన ఏసిండు. గప్పుడే ఆగింది. బండి గూడ తల్లే, తల్లికి పస్పు గావాలె అనుకున్న. గప్పటి సంది ప్రతి శుక్కురారం పొద్దుగాల మూత తీసి ఇంత పోస్త. సల్లగుండు తల్లీ అని మొక్కుత. నన్ను దవాఖానకు తీస్కపోయేది గిదే గదా."

సంగన్న ఆమె వేళ్ళకేసి చూశాడు. "నువ్వా?" అన్నాడు, అంతే.

మూలన పడేసిన పాత రేడియేటర్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఇంజన్‌ను సల్లగుంచేది గిదే అక్కా. నువ్వు పోసిన పస్పు దీని నోళ్ళు మూసింది," అన్నాను.

ఆమె వంగి, పూడిన గొట్టాలను వేలితో తడిమింది. "గిది జల్లెడ లెక్కనే ఉన్నది. డాక్టర్ నాకు గూడ గిట్లనే బొమ్మ గీసి చూపిచ్చిండు. జల్లెడ మూస్కపోయిందమ్మా అన్నడు." తలెత్తి నా మొహంలోకి చూసింది. "అంటే, సల్లగుండు అనుకుంటనే దీని పాణం నేనే తీసిన్నా తమ్మీ?"

నేను పాత రేడియేటర్‌ను ఆమె ముందునుంచి తీసి పక్కన పెట్టాను.

ఆమె పసుపు పోశాక ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం. మొత్తం వంపేసి, తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి, మళ్ళీ కూలెంట్ నింపాను. సంగన్న చేయి పట్టుకుని, "నువ్వు చెప్పింది నిజమే అన్నా," అన్నాను. అతను తలూపాడు. మనసు ఆగక నేను కూడా బండెక్కి, ముల్లు మీదనుంచి కళ్ళు తీయకుండా సంగారెడ్డి దాకా వెళ్ళాను.

అప్పటి నుంచి ఇంజన్ మార్చే ప్రతి బండికీ రేడియేటర్ ముందు దించుతాను. కారుతోందా అని డ్రైవర్‌ను అడిగి ఊరుకోను. దీంట్లో ఎవరేం పోస్తారో ఇంటిల్లిపాదినీ అడుగుతాను. బండిని చెడగొట్టేది నిర్లక్ష్యమే అనుకునేవాణ్ణి. ప్రేమ కూడా చెడగొడుతుందని ఆ రోజే తెలిసింది.

ఆ రోజు దవాఖాన ముందు మాణెమ్మ దిగి, మిగిలిన పసుపుతో బానెట్ మీద బొట్టు పెట్టబోయి ఆగింది. "ఈడ పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టొచ్చన్నాను. బొట్టు పెట్టి, అదే చేయి నా తల మీద ఉంచింది.

"నువ్వు గూడ సల్లగుండు తమ్మీ," అని లోపలికి వెళ్ళిపోయింది.