అక్కి స్కూలు పాట

కన్నడ సీమలోని గుడిబండెలో తాలూకా పాటల పోటీ జరిగిన రోజు, ఒక పల్లె హైస్కూలు పిల్లలు మొదటి వరుస ఎత్తుకోగానే సభంతా నవ్వింది. అది కన్నడ పాట. "హక్కి బంతు" అని మొదలవుతుంది, అంటే పిట్ట వచ్చింది అని. పాడే పిల్లలు తెలుగు ఇళ్ళవాళ్ళు. ఆ ఇళ్ళలో హకారం పలికే అలవాటు లేదు. వాళ్ళ నోట అది "అక్కి బంతు" అయింది. కన్నడంలో అక్కి అంటే బియ్యం.

"యా రేషన్ సొసైటీకి వచ్చినాయప్పా బియ్యం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ తర్వాత పాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ముందు నిలబడి పాడిన మంజుశ్రీ అనే అమ్మాయి చివరిదాకా పాడి దిగింది కానీ, ఆ ఏడంతా మళ్ళీ నోరు విప్పలేదు. చుట్టుపక్కల బళ్ళవాళ్ళు వీళ్ళ బడికి అక్కి స్కూలు అని పేరు పెట్టేశారు.

హేమావతి ఆ బడికి అతిథి శిక్షకిగా, అంటే ఏడాది లెక్కన తీసుకునే టీచరుగా, వచ్చింది ఆ మరుసటి జూన్‌లో. సంగీతం, హోం సైన్స్ రెండూ ఆమే చెప్పాలి. హెడ్మాస్టరు వెంకటరాయప్ప మంచివాడు, ఉన్నమాట దాచలేదు. ఈ పీరియడ్ పెట్టడం బడి కమిటీ అధ్యక్షుడు బయ్యప్పకు ఇష్టం లేదనీ, ఈ ఒక్క ఏడాదికి ఒప్పించాననీ చెప్పాడు. పోటీలో పిల్లలు మళ్ళీ నవ్వులపాలైతే వచ్చే జూన్ నుంచి ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది, ఆమె ఇంటికి పోతుంది.

హేమావతికి ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. పుట్టింది మురుగమల్ల దగ్గర పల్లెలో. తండ్రి మునియప్ప టమాటా రైతు. పదో తరగతి అయ్యాక చింతామణిలో ఒక టైలరింగ్ షాపులో పనికి చేరింది. ఆ షాపు గోడకు అవతల ఒక ముసలాయన హార్మోనియం నేర్పేవాడు. కాజాలు కుడుతూ ఆమె అవతలి పాఠం వినేది. తప్పు పాడిన పిల్లను ఆయన ఆపేలోపే ఈమె చెయ్యి ఆగేది. ఒకరోజు షాపు మూశాక వెళ్ళి, నాకూ చెప్తారా అని అడిగింది. అలా సూది పట్టిన చేతికే స్వరం కూడా అబ్బింది. సంగీతంలో జూనియర్ పరీక్ష రాసింది, హోం సైన్స్‌లో డిప్లొమా చేసింది. పేరేసంద్రలో మోటార్లకు వైండింగ్ చేసే పురుషోత్తమ్‌ను పెళ్ళాడింది. బడిలో పని దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాన్ని ఒక అక్షరానికి పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

మొదటిరోజే ఆ అక్షరం ఎదురైంది. పిల్లలు ఆమెను "ఏమావతి మిస్సు" అన్నారు. ఆమె నవ్వుకుంది, పుట్టింట్లో ఇప్పటికీ ఆమె ఏమావతే. హోం సైన్స్‌ను పిల్లలు "ఓం సైన్స్" అన్నారు. అదేదో పూజల పాఠమనుకుని ఒక ముసలామె తన మనవరాలితో టెంకాయ పంపింది. దాన్ని ఆ రోజే పచ్చడి చేయించింది హేమావతి.

పాట విషయంలో ఆమె మొదట సులువు దారి చూసింది. హకారం ఒక్కటి కూడా లేని కన్నడ పాట వెతికి పట్టుకుంది. పిల్లలు బాగానే పాడారు. వెంకటరాయప్ప ఊపిరి పీల్చుకున్నాడు. మంజుశ్రీ మాత్రం వరుసలో నిలబడి పెదాలు కదిలిస్తోంది, గొంతు రావడం లేదు. తరగతి అయ్యాక హేమావతి ఆపి, ఎందుకు పాడటం లేదని అడిగింది.

"ఈ పాటతో గెలిచినా మమ్మల్ని అక్కి స్కూలనే అంటారు మిస్సు," అంది ఆ పిల్ల. "ఆ పాటే పాడల్ల."

"మళ్ళా నవ్వితే?"

"మళ్ళా నవ్వినా, ఇప్పుడు నవ్వేదేమన్నా తక్కువగా ఉండాదా?"

హేమావతి ఆ రాత్రి భర్తతో చెప్పింది. పురుషోత్తమ్ మాటలు తక్కువ మనిషి. కాలిన మోటారును పైన తుడిచి ఇస్తే రెండు రోజుల్లో మళ్ళీ వస్తుందనీ, వైరు విప్పి చుట్టాల్సిందేననీ అన్నాడు. తెల్లారి ఆమె కొత్త పాట పక్కన పెట్టి, "హక్కి బంతు" ఎత్తుకుంది.

హకారం చెప్పడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. గట్టిగా అనమంటే పిల్లలు గొంతు చించుకున్నారు. ఒకరు "గక్కి" అన్నారు, ఒకరు "కక్కి" అన్నారు, ఒక పిల్లకు దగ్గు పట్టుకుంది. తాము పలికింది అకారమో హకారమో వాళ్ళ చెవికే తెలియడం లేదు. ఆగస్టు పోయింది, దసరా సెలవులు పోయాయి, పిట్ట ఇంకా బియ్యంగానే ఉంది.

చలి మొదలయ్యాక హోం సైన్స్‌లో టమాటా ఊరగాయ పాఠం వచ్చింది. సీసాలు మరిగించి, ఎండలో ఆరబెట్టి, పైన మరకలు లేకుండా తుడవాలి. పొద్దున్నే చల్లటి సీసాలు పట్టుకుని పిల్లలు వసారాలో కూర్చున్నారు. మంజుశ్రీ ఒక సీసాను మొహం దగ్గర పెట్టుకుని, "హా" అని ఊపిరి వదిలి, చేతిగుడ్డతో రుద్దింది. పక్కపిల్లా అంతే. వరుసంతా అదే పని. హేమావతి టమాటాలు తరుగుతున్న కత్తి కింద పెట్టింది.

"ఇప్పుడేమన్నావు?"

"ఏమీ అనలేదు మిస్సు. తుడుస్తాండా."

"మళ్ళా తుడువు."

మంజుశ్రీ మళ్ళీ "హా" అంది. సీసా మీద అరచేయంత ఆవిరి పట్టింది.

"ఆ ఊపిరితోనే హక్కి అను."

అంది. ఆవిరి పట్టింది. హేమావతి ఈసారి అక్కి అనమంది. చుక్కంత మరక కనబడీ కనబడకుండా పోయింది. మంజుశ్రీ సీసా వంక చూసింది, మిస్సు వంక చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే "హక్కి, అక్కి, హక్కి, అక్కి" అంటూ సీసా తిప్పి తిప్పి చూసుకుంది. చెవికి అందని తేడా కంటికి అందింది. ఇంక ఎవరి తప్పు వాళ్ళకే కనబడుతోంది, మిస్సు చెప్పే పని లేదు. ఆ రోజు ఊరగాయ ఆలస్యమైంది కానీ, పిట్ట వచ్చింది.

వచ్చిన పిట్ట కొన్నాళ్ళు అన్నిచోట్లా వాలింది. పిల్లలు ఉప్పును హుప్పు అన్నారు, ఊటను హూట అన్నారు. వంట పాఠం చూడటానికి బయ్యప్ప వచ్చిన రోజు ఒక పిల్ల ఎంతో మర్యాదగా, "హప్పా, హన్నం తినండి," అంది.

బయ్యప్ప పళ్ళెం అందుకుని, "ఏమ్మా మిస్సు, పిల్లోల్లకి ఆయాసం తగులుకుండాదా?" అన్నాడు. తోట పనికి ఆలస్యమవుతుందని లేచి, పోతూ పోతూ లెక్కల మేష్ట్రును చూసిపెట్టుకోమని వెంకటరాయప్పకు చెప్పాడు. ఆ మాట హేమావతికి వినబడేలాగే చెప్పాడు.

ఆమె కుట్టుపనిలో నేర్చుకున్నదొకటుంది. రెండు రంగులు పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. పిల్లలను బియ్యం చేటల ముందు కూర్చోబెట్టి, రాళ్ళు ఏరుతూ పాడించింది. పాటకు తానొక చరణం కట్టింది. "హక్కి బంతు, అక్కి హాకు." పిట్ట వచ్చింది, బియ్యం వెయ్యి. మొదటి కాలంలో మెల్లగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగంగా. నాలుక తడబడితే చేతిలో గింజ వదిలేసి మళ్ళీ మొదటి నుంచి. సంక్రాంతి ముందే ఆ చరణం పిల్లల నాలుక మీద జారుడుబండలా నునుపెక్కింది.

జనవరి చివర గుడిబండెలో పోటీ. తాము కుట్టుకున్న తెల్ల కాలర్ల జాకెట్లు వేసుకుని పిల్లలు వేదిక ఎక్కారు. బడి పేరు చదవగానే వెనక బెంచీల్లోంచి "అక్కి బంతు" అని వినబడింది. కొందరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. బయ్యప్ప కమిటీవాళ్ళతో ముందు వరుసలో కూర్చుని తల దించుకున్నాడు. హేమావతి హార్మోనియం మీద శ్రుతి ఇచ్చింది.

మంజుశ్రీ "హక్కి బంతు" అంది. గాలి నిండిన హకారం, చివరి బెంచీదాకా. నవ్వేవాళ్ళు నవ్వు సగంలో ఆపి మళ్ళీ విన్నారు. కొత్త చరణానికి వచ్చేసరికి, ఏ బియ్యమని ఎగతాళి చేశారో ఆ బియ్యమే పాటలోకి వచ్చింది, పిట్ట ముందు పడింది. ఈసారి కూడా సభ నవ్వింది, కానీ పాటతో కలిసి నవ్వింది. రెండో కాలం ఎత్తుకున్నాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. పిల్లలు ఎక్కడా జారలేదు. ముగిశాక చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మొదటి బహుమతి వాళ్ళదే. బయ్యప్ప వేదిక పక్కకు వచ్చి హేమావతి ముందు నిలబడ్డాడు. ఆయనకు పొగడటం రాదు.

"లెక్కల మేష్ట్రుకు మాటిచ్చేసినావా?" అని వెంకటరాయప్పను అడిగాడు.

"ఇంకా లేదప్పా."

"ఇయ్యొద్దు. ఆ పీరియడ్ ఈయమ్మదే. వచ్చే ఏడు మా మనవరాలు గూడా ఆ తరగతికి వస్తాది."

హేమావతి చేతులు జోడించింది. ఆ సాయంత్రం బస్సులో పిల్లలు అరుస్తుంటే, ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చిక్కబళ్ళాపురంలో జిల్లా పోటీ ఫిబ్రవరిలో జరిగింది. అక్కడ రెండో బహుమతి వచ్చింది. పట్నం బడి అమ్మాయిలు, ఇంట్లో కన్నడమే మాట్లాడేవాళ్ళు, మెట్ల మీద టిఫిన్ తింటున్న వీళ్ళ దగ్గరికి వచ్చి, ఆ వేగం చరణం మాకూ నేర్పండి అని కన్నడంలో అడిగారు. మంజుశ్రీ చెయ్యి కడుక్కుని వచ్చి వాళ్ళను వరుసగా నిలబెట్టింది. రెండో కాలంలో పట్నం పిల్లల నాలుకలు మెలికలు పడ్డాయి. హక్కి అక్కి అయింది, అక్కి హక్కి అయింది, అందరూ నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు.

మంజుశ్రీ నవ్వలేదు. ఎవరెవరు ఎక్కడ తప్పుతున్నారో చెవి పెట్టి వింది. "మెల్లగా రండి. మొదటి కాలం కుదిరినాకే రెండోది," అని కన్నడంలో చెప్పి, అరచేత్తో తాళం వేస్తూ వాళ్ళతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.