రిపోర్టుల్లో కనపడని నొప్పి

ఆ రోజు బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతుంటే రెండు చేతులూ మోచేతుల దాకా మండాయి. చెంబు సగం కూడా నిండలేదు, వేళ్లు పట్టు వదిలేశాయి. కొత్తగా తెచ్చిన వంటనూనెలో ఏదో కలిపి అమ్మారని అనుమానపడి ఆ డబ్బా పక్కన పెట్టించాను. పారేయలేదు.

నెల తిరిగేసరికి మెడ, భుజాలు, నడుము, ఎక్కడ నొక్కినా నొప్పే. ఎంతసేపు పడుకున్నా నిద్రపోయినట్టు ఉండేది కాదు. మా బర్రె నా చేతికి తప్ప పాలివ్వదు. కోడలు సుజాత కూర్చుంటే పాలు బిగబట్టేస్తుంది. అందుకే అమ్మేద్దామన్నాడు నా కొడుకు. అది పోతే ఆ ఇంట్లో నేను కూర్చుని తినేదాన్నే అవుతాను.

జమ్మలమడుగులో ఎక్స్‌రే తీశారు. థైరాయిడ్, కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష, అన్నీ నార్మల్. ఆ ల్యాబ్‌ను నమ్మక పులివెందులలో మళ్లీ చేయించాను. అక్కడా నార్మలే.

"అన్నీ బాగుండాయంటాండారు గదత్తా. మరి నొప్పి యాడుంది?" అంది సుజాత.

"నీ పెట్టెలో దాచిపెట్టినా. ఎతుక్కోపో" అన్నాను. నావి దొంగ నొప్పులని ఆమె అనుమానం.

చివరికి ప్రొద్దుటూరులో ఒక లేడీ డాక్టర్ ఒళ్లంతా నొక్కి చూసి, ఇది ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బని చెప్పి డ్యులోక్సెటిన్ మాత్ర రాసింది. నెల వాడితే కాస్త తేలికైంది. మళ్లీ కొనడానికి జమ్మలమడుగులో మందుల షాపుకు పోయాను.

"ఎవురికవ్వా? ఇది డిప్రెషన్‌కిచ్చే మందు గదా" అన్నాడు షాపతను.

"ఎవురికో లే" అని చీటీ లాక్కుని వచ్చేశాను. డాక్టర్ కూడా నన్ను నమ్మలేదన్నమాట! ఆ రోజే మానేశాను. మూడో రోజుకు తల గిర్రున తిరిగింది, లోపల కరెంటు కొట్టినట్టు అయింది. మందులో ఏదో మోసం ఉందని నిలదీయడానికి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

"ఏమ్మా, నన్ను పిచ్చిదాని కింద జమకట్టినావా?"

"పిచ్చి కాదవ్వా. నీ నొప్పి నిజమే" అంది డాక్టర్. "మెదడులో సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అని రసాయనాలు ఉంటాయి. ఒంట్లోంచి వచ్చే నొప్పిని అణిచేది అవే. ఈ జబ్బులో ఆ పని సరిగా జరగదు. ఈ మాత్ర వాటిని పెంచుతుంది. డిప్రెషన్‌లో కూడా ఈ మందే వాడతాం. ఉన్నట్టుండి మానితే తల తిరగదా మరి?"

"కండలో ఏం లేకుండా నొప్పెట్ల వస్తాదమ్మా?" అన్నానే కానీ, మా బర్రె గుర్తొచ్చింది. సుజాత కూర్చున్నప్పుడూ పొదుగు నిండా పాలుంటాయి. పొదుగుకు ఏ రోగమూ లేదు. మనిషి మీద అనుమానంతో దాని తల పాలను దిగనివ్వదు. ఆ మాటే అడిగాను.

"అచ్చం అదే కాదు గానీ, దగ్గరికొచ్చినావు" అని డాక్టర్ నవ్వింది.

మళ్లీ మాత్ర మొదలుపెట్టాను. రోజూ కాసేపు నడవమంది, నడుస్తున్నాను. సుజాతకు ఉతకని నా పాత చీర కట్టించి బర్రె దగ్గర కూర్చోబెట్టాను. నా వాసన తగిలి అది నాలుగో రోజుకు పాలు వదిలింది.

"ఈ చీర కడితే నీ నోరు గూడా వచ్చేట్టుందత్తా" అంది సుజాత.

ఇప్పుడు పొద్దున నేను పిండుతాను, సాయంత్రం ఆమె. బర్రెను అమ్మలేదు. నొప్పి పూర్తిగా పోలేదు. చలిగాలికి రెండుసార్లు మంచం పట్టాను కూడా. మాత్ర మీద నాకింకా కొంత అనుమానమే. మీకూ అనుమానం వస్తే రాసిన డాక్టర్‌నే ఎదురుగా కూర్చుని అడగండి, అంతేగానీ మీకు మీరే మందు ఆపకండి.

పక్కన పెట్టించిన ఆ నూనెతోనే తర్వాత వంట చేశాము. దాని తప్పేమీ లేదు.