షిఫ్టు దిగేముందు చెప్పిన మాట

నేను బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ని. గోదావరికి దగ్గరలో కంపెనీ క్వార్టర్లో ఉంటాం, నేనూ నా భార్యా పిల్లలూ. కొన్నేళ్ల కిందట ఒక వానాకాలంలో నాకు నిద్ర పట్టడం మానేసింది. ఫలానా కారణమని చెప్పడానికి ఏమీ లేదు. ఇంట్లో గొడవల్లేవు, పని ఎప్పటిలాగే ఉంది. కానీ అన్నం రుచి తెలిసేది కాదు. పిల్లలు పిలిస్తే పలకడానికి కూడా ఓపిక ఉండేది కాదు. నేను లేకపోతేనే వీళ్లకు నయమనే ఆలోచన మెల్లగా వచ్చి మనసులో కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. భార్య అడిగితే కడుపులో బాగాలేదనేవాణ్ణి. ఆమె ఆ మాటే పక్కింటామెకు చెప్పింది. పక్కింటామె నా కోసం రోజూ వాము నీళ్లు కాచి పంపేది.

ఒక ఆదివారం ఇచ్చోడలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. అక్కకు రోడ్డు మీద బట్టలు కుట్టే దుకాణం ఉంది. చాయ్ తెప్పించి ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాను. అక్క కత్తెర పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తమ్మీ, ఒకటి అడుగుత. నీకు సచ్చిపోవాలె అనిపిస్తుందా?"

కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"అనిపిస్తుందక్కా."

"ఎప్పటి సంది?"

"వానలు షురువైనప్పటి సంది."

అక్క తిట్టలేదు, పిల్లల మొహం చూడమని చెప్పలేదు. దుకాణం మూసి నా భార్యకు ఫోన్ చేసింది. మర్నాడు ముగ్గురం కరీంనగర్‌లో మనసు జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. బస్సులో అక్క చెప్పింది: "మా గల్లీల ఒకామె గిట్లనే ఉండె. అడుగుదామని నోటిదాక వచ్చింది. అడిగితే లేని ఆలోచన పుట్టిచ్చినట్టయితదని ఊకున్న. ఆమె పోయింది."

అదే భయం అక్క డాక్టర్ దగ్గర కూడా చెప్పింది. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "అడిగితే ఆలోచన పుట్టదమ్మా. మనిషి నోరు తెరుస్తడు, గంతే."

కొన్నాళ్లు నన్ను ఒంటరిగా వదలొద్దన్నాడు డాక్టర్. అక్క వచ్చి మా ఇంట్లోనే ఉంది. మందులు వెంటనే పనిచేయలేదు. మొదట నిద్ర వచ్చింది, చాలా రోజులకు ఆకలి వచ్చింది. ఆ ఆలోచన ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. ఒక పొద్దున పిల్లలతో నవ్వుతూ ఉండగా, అది లేదని గమనించాను.

ఆ తర్వాత మా కాలనీలో ఒక కార్మికుడు ప్రాణం తీసుకున్నాడు. నాకు ముఖ పరిచయమే. గని గేటు ముందు చాయ్ హోటల్లో అందరూ అదే మాట. ఒకడు పిరికివాడన్నాడు, ఒకడు తాగుడన్నాడు. నేను చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాను. ఇంట్లో భార్యతో అన్నాను, నా సంగతి అందరి ముందూ చెబుతానని. ఆమె ఒప్పుకుంది.

"చెప్పు. కానీ పక్కింటామెకు ముందుగాల నేను చెప్త. గన్ని దినాలు వాము నీళ్లు కాసింది పాపం."

మా గనిలో షిఫ్టుకు లోపలికి దిగేముందు అందరినీ నిలబెట్టి భద్రత గురించి మాట్లాడతారు. పైకప్పు, గ్యాసు, కేబుళ్లు. ఆ వారం నేను మాట్లాడతానని అధికారిని అడిగితే సరేనన్నాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాను.

"అన్నలారా, కప్పు కూలుతదని మనం రోజూ తట్టి చూస్తం. మనిషిని మాత్రం అడుగం. నాకు ఒకప్పుడు సచ్చిపోవాలె అనిపించింది. మా అక్క అడిగింది, చెప్పిన. డాక్టర్ దగ్గరికి పోయిన, మందులు తిన్న. గది బీమారే, పిరికితనం కాదు. ఎవరికన్న గట్ల అనిపిస్తే నాకు చెప్పుండ్రి. నేను వెంట వస్త."

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఎక్కువమంది నేల చూశారు. తర్వాత మామూలుగానే లోపలికి దిగాం.

సాయంత్రానికి ఈ కబురు చెన్నూరు దాకా వెళ్లింది. అక్కడుండే మా చిన్నాయన ఫోన్ చేశాడు.

"పిచ్చి లేచిందని డప్పు కొట్టుకుంటవారా? ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?"

"పిచ్చి కాదు చిన్నాయనా, బీమారి. తక్కువైంది."

ఫోన్ పెట్టేశాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే మొహం తిప్పుకుంటాడు. నాకు బాధగానే ఉంటుంది.

కొన్ని రోజులకు, షిఫ్టు అయ్యాక సైకిల్ స్టాండ్ దగ్గర ఒకతను నా కోసం నిలబడ్డాడు. గనిలో నీళ్ల పంపు నడిపే మనిషి, షిఫ్టంతా నవ్వించేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"భాయ్, నీకయినట్టే నాకూ అయితుంది. ఇంట్ల చెప్పలే. గా డాక్టర్ దగ్గరికి జర నా తోని వస్తవా?"

"రేపే పోదాం. అప్పటిదాక ఒక్కనివి ఉండకు. ఇంట్ల నేను చెప్పాల్నా?"

"చెప్పు."

అప్పుడే వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యకు చెప్పాను. మర్నాడు ముగ్గురం కరీంనగర్ బస్సెక్కాం. దారిలో అడిగాడు, డాక్టర్‌తో ఏమని మొదలుపెట్టాలని.

"నాతోని ఏం చెప్పినవో గదే చెప్పు."

లోపల చాలాసేపు ఉన్నాడు. నేనూ ఆయన భార్యా బయట బెంచీ మీద కూర్చున్నాం. కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"డాక్టర్ ముందట ఏడ్చిన భాయ్."

"నేను గూడ ఏడ్చిన."

బస్టాండ్ దగ్గర ముగ్గురం అన్నం తిన్నాం. ఆయన సగమే తిన్నాడు. మిగిలింది ఆయన భార్య తన పళ్లెంలోకి వంపుకుని, రేపు మొత్తం తింటాడులే అంది.