నిచ్చెనను పడుకోబెట్టిన మేడమ్

మా పై అంతస్తులో ఉండే లెక్కల మేడమ్ గత నెల మొదటి శుక్రవారం పొద్దున చనిపోయారు. ఆమె కోడలు ఫోన్ చేసేటప్పటికి నేను మేడమ్ పుస్తకంలో చివరి అధ్యాయమే సరిచూస్తున్నాను. ల్యాప్‌టాప్ మూసేసి పైకి వెళ్లాను.

లెక్కల మేడమ్ అంటే మీకు బెత్తం గుర్తొస్తుందేమో. ఈమె చేతిలో ఎప్పుడూ స్టీలు గ్లాసే, చక్కెర లేని టీతో. ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యారు. పుట్టింది నానక్‌రామ్‌గూడలో. ఇప్పుడక్కడున్న టవర్లను ఎవరైనా పొగిడితే, "మా జొన్నచేన్ల కార్లు పెడుతున్నరు" అని నవ్వేవారు.

రిటైరయ్యాక తన నోట్సంతా, సమీకరణాలు పుస్తకంలోలా చక్కగా కనిపించేలా, తానే కంప్యూటర్లో టైప్‌సెట్ చేసుకున్నారు. తర్వాత ఆ అచ్చు పేజీలను వర్క్‌షీట్లుగా మార్చాలనుకున్నారు. పిల్లలు తెర మీద ఒక అంకె మారిస్తే జవాబూ బొమ్మా వెంటనే మారాలి. కొత్త తరగతులు మొదలయ్యేలోపు ఇస్తే కంప్యూటర్ గదిలో పెట్టిస్తామని కాలేజీవాళ్లు మాటిచ్చారు. మార్చే పని ఒక ప్రోగ్రామ్ చేసేస్తుంది. కానీ ప్రతి పేజీనీ మనిషి చూసుకోవాలి. ఆమెకు అప్పటికే కళ్లు సరిగా ఆనడం లేదు.

మా అపార్ట్‌మెంట్ జనరేటర్ ఎప్పుడు వేశారో, ఎంతసేపు నడిచిందో రిజిస్టర్లో రాసేది నేనే. అది చూసి ఒకరోజు మా తలుపు తట్టారు.

"ఒక్క కొట్టివేత లేదు నీ పుస్తకంల. నాకు నీ కళ్లు గావాలె."

"నేను ఇంటర్‌తో ఆపేశానండి. అదీ కామర్స్."

"లెక్కలు నేను చూస్కుంట. నువ్వు పేజీలు చూడు."

వారంలో ముప్పై పేజీలు చూశాను. ఎడమవైపు అచ్చు కాగితం, కుడివైపు తెర. గుర్తు గుర్తూ పోల్చి పేజీకో టిక్కు పెట్టాను. ఒక్క తేడా లేదని గర్వంగానే చెప్పాను.

ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని నిచ్చెన లెక్క తెరవమన్నారు. పదమూడు అడుగుల నిచ్చెన. దాని కాళ్లు గోడకు ఐదు అడుగుల దూరంలో ఉంటే, పైకొన గోడ మీద పన్నెండు అడుగుల ఎత్తున ఆనుతుంది.

"ఆ ఐదు తీసి పదమూడు కొట్టు. ఇప్పుడు నిచ్చెన ఏడుంది?"

"నేల మీద పడుకుని ఉందండి."

"ఎత్తెంత అంటుంది?"

"పన్నెండే అంటోంది."

"మరి ఎవర్ని ఎక్కిస్తవమ్మా దాని మీద? ముందుగాల మీ ఆయనను ఎక్కిద్దామా?"

నవ్వాను గానీ ముఖం చిన్నబోయింది. ప్రోగ్రామ్ ఆ జవాబును లెక్కకట్టలేదు. అచ్చులో ఉన్న అంకెను తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది. అందుకే అంత బాగా సరిపోయింది. నా ముప్పై టిక్కులూ కొట్టేశాను.

"ఫికర్ జెయ్యకు," అన్నారు. "కాగితంతోటి పోల్చకు. జవాబు నీకు ముందే తెలిసిన అంకె ఏసి అడుగు."

అప్పటినుంచి ప్రతి లెక్కనూ అలాగే అడిగాను. తప్పినదాన్ని ప్రోగ్రామ్‌తో మళ్లీ చేయించాను. పేజీ బాగుంటే ఆమె మెచ్చుకునేవారు కాదు. "ఇగ నడుస్తది" అని టీ గ్లాసు అందుకునేవారు. ఆ మాట కోసం నేను ఎదురుచూసేదాన్ని.

పదకొండో రోజు అయ్యాక చివరి అధ్యాయం మళ్లీ తెరిచాను. ఒక పైపు తొట్టిని ఇరవై నిమిషాల్లో నింపుతుంది, ఇంకోటి ముప్పై నిమిషాల్లో. రెండూ విప్పితే ఎంతసేపు? మేడమ్ అచ్చులో పదిహేను. వర్క్‌షీట్‌లో పన్నెండు.

పైకెళ్లి అడగడానికి ఆమె లేరు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి జవాబును నేను మార్చాలా? తప్పుగా మార్చినా, తప్పును ఉంచేసినా, పిల్లలు నేర్చుకునేది ఆమె పేరు మీదే.

రెండు పైపులకూ ఇరవై వేశాను. పది వచ్చింది. రెండూ ఒకేలా పారితే సగం సమయం చాలు కదా. రెండో పైపును పూర్తిగా కట్టేశాను. ఇరవై వచ్చింది. తర్వాత కాగితం తీసుకున్నాను. అరవై లీటర్ల తొట్టి అనుకుంటే నిమిషానికి మొదటి పైపు మూడు లీటర్లు, రెండోది రెండు. కలిపి ఐదు. పన్నెండు నిమిషాలే. ఆమె పదిహేనును తీసేశాను.

మొన్న కాలేజీ కంప్యూటర్ గదిలో ముందు వరుస అమ్మాయి రెండు పైపులూ విప్పింది. తెర మీద నీలం నీళ్లు మెల్లగా లేచి, పన్నెండో నిమిషంలో తొట్టి అంచును తాకి, చుక్క ఒలకకుండా నిలిచాయి.